డ్రోన్ ఎగురవేసే కొత్త ఔత్సాహికులు తెలుసుకోవలసిన నిబంధనలు: ఇబ్రహీంపట్నం పరిసరాలకు వర్తించే అంశాలు

ఒకప్పుడు రక్షణ దళాలకు, పరిశోధనా సంస్థలకు మాత్రమే పరిమితమైన డ్రోన్ నేడు విద్యార్థి చేతిలోను, పెళ్లి వీడియో తీసే యువకుని చేతిలోను, రైతు పొలం గట్టు మీదను దర్శనమిస్తున్నది. 2025 సెప్టెంబరు 22 నుండి డ్రోన్లపై వస్తు సేవల పన్నును 5 శాతంగా ఏకీకృతం చేయడంతో, అంతకుముందు కొన్ని రకాలపై 18 శాతం, వ్యక్తిగత వినియోగంపై 28 శాతంగా ఉన్న పన్ను భారం కూడా తగ్గింది. కొత్తగా డ్రోన్ కొనుగోలు చేసేవారికి, వారి నుండి తరచుగా సందేహాలు ఎదుర్కొనే క్షేత్రస్థాయి అధికారులకు, ఈ విషయమై వార్తలు రాసే పాత్రికేయులకు ఉపయోగపడే నిమిత్తం అమలులో ఉన్న ప్రధాన నిబంధనలను ఇక్కడ క్రోడీకరించడమైనది.

రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం ప్రాంతానికి ఈ విషయంలో ప్రత్యేకత కలదు. గోల్కొండను 1550 నుండి 1580 వరకు పాలించిన ఇబ్రహీం కులీ కుతుబ్‌షా పేరును ధరించిన ఈ పట్టణం హైదరాబాద్ నుండి నాగార్జునసాగర్ వెళ్లే రహదారిపై ఉన్నది. విశాలమైన పెద్ద చెరువు, రాతి గుట్టలు, ఖాళీ మైదానాలు ఉన్నందున నగరవాసులైన ఔత్సాహికులకు ఇది అనువైన చోటుగా తోచడం సహజం. అయితే ఇదే ప్రాంతంలో జాతీయ భద్రతా దళం ప్రాంతీయ కేంద్రం ఉన్నది. క్షిపణులు తయారు చేసే భారత్ డైనమిక్స్ సంస్థకు ఇక్కడ యూనిట్ కలదు. మండల పరిధిలోని ఆదిభట్లలో విమాన, హెలికాప్టర్ భాగాలను తయారు చేసే పరిశ్రమలు నెలకొన్నాయి. 2022 ఆగస్టు 25న ప్రారంభమైన జిల్లా సమీకృత కలెక్టరేట్ కొంగర కలాన్‌లో ఉన్నది. ఇదే జిల్లాలోని శంషాబాద్‌లో 2008 నుండి రాజీవ్ గాంధీ అంతర్జాతీయ విమానాశ్రయం పనిచేస్తున్నది. కాబట్టి ఇక్కడ డ్రోన్ ఎగురవేయదలచిన వారు ముందుగా ఒక విషయాన్ని గ్రహించవలసి ఉంటుంది. చిన్న డ్రోన్‌కు పైలట్ ధ్రువపత్రం అవసరం లేదన్న మినహాయింపు, ఆ డ్రోన్‌ను ఎక్కడైనా ఎగురవేయవచ్చునన్న అనుమతి కాదు. ఈ రెండు అంశాలు వేర్వేరు. వీటిని ఒకటిగా భావించే ఔత్సాహికుడు తనకు తెలియకుండానే నేరం చేసే ప్రమాదం ఉన్నది.

నిబంధనల నేపథ్యం

పౌర విమానయాన డైరెక్టరేట్ జనరల్, అనగా డీజీసీఏ, 2014 అక్టోబరు 7న జారీ చేసిన బహిరంగ ప్రకటన ద్వారా పౌరులు డ్రోన్లు ఎగురవేయడాన్ని నిలిపివేసింది. అనంతరం 2018 ఆగస్టు 27న విడుదలైన నిబంధనలు అదే సంవత్సరం డిసెంబరు 1 నుండి అమలులోకి వచ్చి, షరతులతో కూడిన అనుమతికి దారి తీశాయి. 2021 మార్చి 12న మరొక నియమావళి వెలువడింది. దానిలోని అనుమతులు, పత్రాలు మితిమీరి ఉన్నాయన్న అభిప్రాయం వ్యక్తం కావడంతో, కేంద్ర ప్రభుత్వం దానిని రద్దు చేసి 2021 ఆగస్టు 25న డ్రోన్ నియమావళి, 2021ని ప్రకటించింది. ఈ నియమావళికి 2022 ఫిబ్రవరిలోను, 2023 సెప్టెంబరులోను సవరణలు జరిగాయి.

మాతృచట్టం విషయంలో కూడా మార్పు జరిగినది. 1934 నాటి విమాన చట్టం స్థానంలో భారతీయ వాయుయాన్ అధినియం, 2024 అనే చట్టం 2025 జనవరి 1 నుండి అమలులోకి వచ్చినది. 2025 సెప్టెంబరులో పౌర డ్రోన్ల ప్రోత్సాహం, నియంత్రణకు సంబంధించిన బిల్లు ముసాయిదాను కేంద్ర పౌర విమానయాన శాఖ ప్రజాభిప్రాయం నిమిత్తం విడుదల చేసింది. ముసాయిదా చట్టరూపం దాల్చి అమలులోకి వచ్చేంతవరకు ప్రామాణికమైనది సవరణలతో కూడిన 2021 నియమావళియే.

తెలంగాణలో డ్రోన్ల వినియోగానికి ప్రోత్సాహం లభించింది. మారుమూల ఆరోగ్య కేంద్రాలకు డ్రోన్ల ద్వారా మందులు, టీకాలు చేరవేసే ‘మెడిసిన్ ఫ్రమ్ ద స్కై’ ప్రయోగాన్ని 2021 సెప్టెంబరు 11న వికారాబాద్‌లో ప్రారంభించారు. నిబంధనలు డ్రోన్ వినియోగాన్ని అరికట్టేందుకు కాక, ఒక క్రమపద్ధతిలో నడిపేందుకు ఉద్దేశించినవని దీనిని బట్టి గ్రహించవచ్చు.

బరువును బట్టి వర్గాలు

డ్రోన్‌ను ఏ వర్గంలో చేర్చాలన్నది దాని మొత్తం బరువును బట్టి నిర్ణయమవుతుంది. బ్యాటరీ, కెమెరా, మోసుకుపోయే వస్తువు అన్నీ ఈ లెక్కలోకి వస్తాయి. 250 గ్రాములు, అంతకు తక్కువ ఉన్నవి నానో వర్గం. 250 గ్రాములు దాటి 2 కిలోల వరకు మైక్రో వర్గం. 2 కిలోలు దాటి 25 కిలోల వరకు చిన్న వర్గం. 25 కిలోలు దాటి 150 కిలోల వరకు మధ్య వర్గం. 150 కిలోలు మించినవి పెద్ద వర్గం. 500 కిలోలకు మించిన వాటికి ఈ నియమావళి వర్తించదు.

పెట్టెపై ముద్రించిన బరువు ఒక్కటే చూసి నిశ్చింతగా ఉండరాదు. 249 గ్రాముల డ్రోన్‌కు రెక్కల రక్షణ కవచం గాని, అదనపు దీపం గాని తగిలించిన పక్షంలో అది 250 గ్రాములు దాటి మైక్రో వర్గంలోకి మారిపోతుంది. ఇంటిలోని చిన్న తక్కెడపై ఒకసారి తూచి చూసుకోవడం మంచిది.

పైలట్ ధ్రువపత్రం ఎవరికి అవసరం

2022 సవరణతో ‘రిమోట్ పైలట్ లైసెన్సు’ అన్న మాట స్థానంలో ‘రిమోట్ పైలట్ ధ్రువపత్రం’ అన్న మాట వచ్చినది. వాడుకలో ఇప్పటికీ లైసెన్సు అనే వ్యవహరిస్తున్నారు. నానో డ్రోన్ నడిపేవారికి ఈ ధ్రువపత్రం అవసరం లేదు. మైక్రో డ్రోన్‌ను వాణిజ్యేతర ప్రయోజనం కొరకు నడిపేవారికి కూడా అవసరం లేదు. మిగిలిన సందర్భాలలో ధ్రువపత్రం తప్పనిసరి.

ఇక్కడ ‘వాణిజ్యేతర’ అన్న మాటను జాగ్రత్తగా గమనించవలసి ఉన్నది. ఉదాహరణకు ఒక యువకుడు 900 గ్రాముల డ్రోన్‌తో అనుమతించిన చోట సరదాగా చెరువు దృశ్యాలను చిత్రీకరిస్తే అతనికి పైలట్ ధ్రువపత్రం అక్కరలేదు. అదే డ్రోన్‌తో మరుసటి వారం బంధువుల పెళ్లి చిత్రీకరించి పారితోషికం స్వీకరిస్తే, అది వాణిజ్య వినియోగం అవుతుంది. డ్రోన్ మారలేదు, నడిపే మనిషీ మారలేదు. ప్రయోజనం మారినందున నిబంధన మారింది. స్థిరాస్తి వెంచర్ల ప్రకటన చిత్రాలు, ఫంక్షన్ హాళ్లలో వేడుకల చిత్రీకరణ, రుసుముపై పొలాల సర్వే మొదలైనవన్నీ ఈ కోవలోకే వస్తాయి. పురుగుమందులు చల్లే వ్యవసాయ డ్రోన్లు సాధారణంగా 2 కిలోలు మించి ఉంటాయి కనుక వాటిని నడిపేవారికి ధ్రువపత్రం ఉండవలసిందే.

ధ్రువపత్రం పొందే విధానం

దరఖాస్తుదారు వయస్సు 18 సంవత్సరాలకు తగ్గకుండా, 65 సంవత్సరాలకు మించకుండా ఉండాలి. గుర్తింపు పొందిన బోర్డు నుండి 10వ తరగతి ఉత్తీర్ణులై ఉండాలి. డీజీసీఏ అధీకృత రిమోట్ పైలట్ శిక్షణ సంస్థలో శిక్షణ పూర్తి చేసి, పరీక్షలో ఉత్తీర్ణత సాధించాలి. ఆ మీదట శిక్షణ సంస్థ ద్వారా డీజీసీఏ ఆన్‌లైన్ వేదికపై ధ్రువపత్రం జారీ అవుతుంది. దీని కాలపరిమితి 10 సంవత్సరాలు. ఏ వర్గం డ్రోన్‌పై శిక్షణ పొందితే ఆ వర్గానికే ధ్రువపత్రం వర్తిస్తుంది.

గతంలో పాస్‌పోర్టు లేని కారణంగా గ్రామీణ యువకులు దరఖాస్తు చేయలేకపోయేవారు. 2023 సెప్టెంబరు సవరణతో ఈ ఇబ్బంది తొలగినది. ఓటరు గుర్తింపు కార్డు, రేషన్ కార్డు, డ్రైవింగ్ లైసెన్సు వంటి ప్రభుత్వ గుర్తింపు, చిరునామా పత్రాలను ఇప్పుడు స్వీకరిస్తున్నారు.

శిక్షణ ఇచ్చే సంస్థలలో హైదరాబాద్ బేగంపేట విమానాశ్రయంలోని రాష్ట్ర ప్రభుత్వ ఏవియేషన్ అకాడమీ ఒకటి. ప్రైవేటు సంస్థలో చేరదలచినవారు రుసుము చెల్లించే ముందు, ఆ సంస్థ పేరు డీజీసీఏ అధీకృత సంస్థల జాబితాలో ఉన్నదీ లేనిదీ సరిచూసుకోవాలి. అధికారం లేని సంస్థ ఇచ్చే యోగ్యతా పత్రం గోడకు తగిలించుకోవడానికి పనికివస్తుందే తప్ప రిమోట్ పైలట్ ధ్రువపత్రం కాజాలదు.

నమోదు, గుర్తింపు సంఖ్య

నియమావళిలో ప్రత్యేకంగా మినహాయించినవి తప్ప, డ్రోన్‌ను ఎగురవేయడానికి ముందు డీజీసీఏ ఆన్‌లైన్ వేదికలో నమోదు చేసి విశిష్ట గుర్తింపు సంఖ్య పొందవలసి ఉంటుంది. ఇందుకు డీ-2 పత్రంలో దరఖాస్తు చేయాలి. నిర్ణీత రుసుము 100 రూపాయలు. వాడిన డ్రోన్‌ను అమ్మినా, బహుమతిగా ఇచ్చినా, అది పోయినా, మరమ్మతుకు వీలులేనంతగా పాడైపోయినా డీ-3 పత్రం ద్వారా తెలియజేసి యాజమాన్య బదిలీ గాని, నమోదు రద్దు గాని చేయించాలి. మోటారు వాహనం కొనుగోలులో వలెనే, పాత డ్రోన్ కొనేవారు కాగితాలు తమ పేరు మీదికి మారేంతవరకు దానిని ఎగురవేయరాదు. లేనిచో ఆ డ్రోన్‌తో జరిగిన దానికి పాత యజమాని సమాధానం చెప్పుకోవలసిన పరిస్థితి ఏర్పడుతుంది.

డ్రోన్ నమూనా నిర్దేశిత ప్రమాణాలకు అనుగుణంగా ఉన్నదని ధ్రువీకరించేది టైప్ సర్టిఫికెట్. నానో డ్రోన్లకు ఇది అవసరం లేదు. విద్య, పరిశోధన, వినోదం కొరకు కంటిచూపు పరిధిలోనే నడిపే 25 కిలోల లోపు మోడల్ డ్రోన్లకు కూడా అవసరం లేదు. పాఠశాలల, ఇంజనీరింగ్ కళాశాలల ఔత్సాహిక బృందాలకు ఈ రెండవ మినహాయింపు ఉపకరిస్తుంది.

విదేశాలలో ఉన్న బంధువుల ద్వారా డ్రోన్ తెప్పించుకునేవారు తప్పక గమనించవలసిన విషయం మరొకటి కలదు. విదేశీ వాణిజ్య డైరెక్టరేట్ జనరల్ 2022 ఫిబ్రవరి 9న జారీ చేసిన ఉత్తర్వు ప్రకారం పూర్తిగా తయారైన డ్రోన్ల దిగుమతిపై నిషేధం ఉన్నది. విడదీసి తెచ్చే కిట్లకు కూడా ఇదే వర్తిస్తుంది. పరిశోధన, రక్షణ, భద్రతా అవసరాలకు మాత్రమే మినహాయింపు ఉన్నది. డ్రోన్ విడిభాగాల దిగుమతిపై నిషేధం లేదు. సెలవులకు స్వస్థలం వచ్చే ప్రవాసులు బహుమతిగా తెచ్చే డ్రోన్ విమానాశ్రయంలోనే కస్టమ్స్ అధికారుల వద్ద నిలిచిపోవచ్చు. కావున ఈ విషయాన్ని వారికి ముందుగా తెలియజేయడం ఉచితం.

గగనతల మండలాలు

దేశ గగనతలాన్ని డ్రోన్ల నిమిత్తం ఆకుపచ్చ, పసుపు, ఎరుపు మండలాలుగా విభజించారు. దీనికి సంబంధించిన పటాన్ని 2021 సెప్టెంబరులో డిజిటల్ స్కై వేదికపై విడుదల చేశారు. ఆకుపచ్చ మండలంలో భూమి నుండి 400 అడుగుల, అనగా 120 మీటర్ల ఎత్తు వరకు ముందస్తు అనుమతి అవసరం లేదు. ఆ ఎత్తు దాటితే పసుపు మండలంగా పరిగణిస్తారు. పసుపు మండలంలో సంబంధిత ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అధికారుల అనుమతి కావాలి. ఎరుపు మండలంలో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగురవేయరాదు.

విమానాశ్రయాల పరిసరాలకు వేరు లెక్క కలదు. పనిచేస్తున్న విమానాశ్రయం సరిహద్దు నుండి 8 కిలోమీటర్లు దాటి 12 కిలోమీటర్ల లోపు ఉన్న ప్రాంతంలో 200 అడుగుల, అనగా 60 మీటర్ల ఎత్తు వరకే ఆకుపచ్చ మండలం వర్తిస్తుంది. 8 కిలోమీటర్ల లోపు నేల మీది నుండే అనుమతి అవసరం. ఈ దూరాన్ని ప్రయాణికుల టెర్మినల్ నుండి కాక విమానాశ్రయం ప్రహరీ నుండి కొలుస్తారు. రోడ్డు మార్గాన్ని బట్టి కాక సరళరేఖలో లెక్కిస్తారు.

ఈ నిబంధనలన్నీ నానో డ్రోన్‌తో సహా అన్ని వర్గాలకు వర్తిస్తాయి. 200 గ్రాముల డ్రోన్ అయినా ఎరుపు మండలంలో అనుమతి లేకుండా ఎగరరాదు.

ఇబ్రహీంపట్నం పరిసరాలలో గమనించవలసినవి

ఇబ్రహీంపట్నం పట్టణం శంషాబాద్ విమానాశ్రయానికి చెప్పుకోదగినంత దూరంలోనే ఉన్నది. అయితే మండలంలో పడమటి దిక్కుకు వెళ్లే కొలది విమానాశ్రయం దగ్గరవుతుంది. కావున పట్టణంలో వర్తించిన నిబంధనే ఆదిభట్ల వైపు కూడా వర్తిస్తుందని భావించరాదు. ఎగురవేయదలచిన ప్రతి చోటును పటంలో విడిగా సరిచూడాలి. భద్రతా, రక్షణ సంస్థల విషయంలో ప్రహరీ గోడ కనిపించనంత దూరంలో ఉన్నామన్న అంచనా పనికిరాదు. పటంలోని మండల సరిహద్దు గీతయే ప్రామాణికం. పటంలో మార్పులు జరుగుతుంటాయి గనుక గత నెలలో చూసినది చాలదు, ఎగురవేసే రోజున మళ్లీ చూడాలి.

పటంలో వెదికేటప్పుడు ఊరి పేరుతో పొరపాటు జరిగే అవకాశం ఉన్నది. జగిత్యాల జిల్లాలోను, ఆంధ్రప్రదేశ్‌లోని ఎన్టీఆర్ జిల్లాలోను ఇబ్రహీంపట్నం పేరుతోనే మండలాలు ఉన్నాయి. రంగారెడ్డి జిల్లాలోని ప్రదేశమే తెరపై ఉన్నదని ధ్రువపరచుకున్న మీదటే మండలం రంగును నమ్మాలి.

వీటికి తోడు తాత్కాలిక ఎరుపు మండలాలు కూడా ఉంటాయి. అత్యవసర పరిస్థితులలో రాష్ట్ర ప్రభుత్వం గాని, పోలీసు సూపరింటెండెంట్ హోదాకు తగ్గని అధికారి ద్వారా శాంతిభద్రతల సంస్థలు గాని ఒక ప్రాంతాన్ని ఒక పర్యాయం 96 గంటలకు మించకుండా తాత్కాలిక ఎరుపు మండలంగా ప్రకటించవచ్చు. ప్రముఖుల పర్యటనలు, బహిరంగ సభలు, ఊరేగింపుల సందర్భంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 163వ సెక్షన్ కింద నిషేధాజ్ఞలు కూడా జారీ అవుతుంటాయి. ఆనాటి దినపత్రికలలోని పోలీసు ప్రకటనలు చూడటం, స్థానిక పోలీసు స్టేషన్‌లో ముందుగా విచారించడం శ్రేయస్కరం.

ఎగురవేసేటప్పుడు పాటించవలసిన జాగ్రత్తలు

డ్రోన్ ఎల్లప్పుడూ కంటికి కనిపించే దూరంలోనే ఉండాలి. మనుషులు ప్రయాణించే విమానానికి, హెలికాప్టర్‌కు ఎల్లవేళలా దారి వదలాలి. వాటి శబ్దం వినబడిన వెంటనే డ్రోన్‌ను కిందికి దించాలి. ఆయుధాలు, పేలుడు పదార్థాలు మోసుకుపోవడం నిషిద్ధం. జనసమూహాలపై, రద్దీగా ఉన్న సాగర్ రహదారిపై, హైటెన్షన్ విద్యుత్ తీగల సమీపంలో ఎగురవేయరాదు. చెరువుపై ఎగురవేసే సమయంలో పక్షుల గుంపులకు దూరంగా ఉండాలి. నీటిపై నుండి తిరిగి వచ్చేందుకు సరిపడా బ్యాటరీ మిగిలి ఉండగానే వెనుకకు మళ్లించాలి. సంక్రాంతి రోజులలో గాలిపటాల దారం రెక్కలకు చుట్టుకొని డ్రోన్ కూలిపోయే ప్రమాదం ఉన్నది. ఉబ్బిన బ్యాటరీని తిరిగి చార్జింగ్ పెట్టరాదు.

ఇతరుల ఇళ్లపై, స్నానఘట్టాలపై, వసతిగృహాలపై కెమెరా తిప్పడం కేవలం మర్యాద తప్పిన పని మాత్రమే కాదు. ఏకాంతంలో ఉన్న మహిళలను వారికి తెలియకుండా చిత్రీకరించడం భారతీయ న్యాయ సంహిత 77వ సెక్షన్ ప్రకారం శిక్షార్హమైన నేరం.

బీమా, ప్రమాదాలు, జరిమానాలు

నానో వర్గానికి తప్ప మిగిలిన డ్రోన్లకు థర్డ్ పార్టీ బీమా అవసరం. మోటారు వాహనాల చట్టంలోని బీమా, నష్టపరిహార నిబంధనలను తగు మార్పులతో డ్రోన్లకు వర్తింపజేశారు. ప్రమాదం జరిగిన పక్షంలో 48 గంటలలోగా డీజీసీఏకు ఆన్‌లైన్ ద్వారా నివేదించాలి. నియమావళిని ఉల్లంఘించిన వారికి గరిష్ఠంగా లక్ష రూపాయల వరకు జరిమానా విధించవచ్చు. ఇతర చట్టాల కింద నమోదయ్యే కేసులు దీనికి అదనం. పోలీసు నిషేధాజ్ఞలను ధిక్కరించినవారిపై భారతీయ న్యాయ సంహిత 223వ సెక్షన్, ఇతరుల ప్రాణానికి ముప్పు కలిగించినవారిపై 125వ సెక్షన్ వర్తించవచ్చు.

ఈ కట్టుబాట్లకు కారణం లేకపోలేదు. 2018 డిసెంబరులో లండన్ సమీపంలోని గాట్విక్ విమానాశ్రయంపై డ్రోన్లు కనిపించాయన్న సమాచారంతో రాకపోకలు నిలిచిపోయి, సుమారు 1,000 విమానాలపై, సుమారు 1,40,000 మంది ప్రయాణికులపై దాని ప్రభావం పడినది. 2021 జూన్ 27న జమ్మూ వైమానిక స్థావరంపై డ్రోన్ల ద్వారా పేలుడు పదార్థాలు జారవిడిచారు. అనుమతి లేని డ్రోన్ ఆకాశంలో కనిపించినప్పుడు, దానిని నడిపేది ఆటకోలు విద్యార్థియా, దురుద్దేశం గల వ్యక్తియా అన్నది కింద కాపలా ఉన్న సిబ్బందికి తెలిసే మార్గం లేదు. వారు దానిని ముప్పుగానే పరిగణించి చర్య తీసుకోవలసి ఉంటుంది.

పాత్రికేయులకు, అధికారులకు

వార్తా సంస్థల తరఫున మైక్రో డ్రోన్‌తో చిత్రీకరణ జరిపేవారు దానిని అభిరుచిగా కాక వృత్తిపరమైన వినియోగంగానే భావించి, పైలట్ ధ్రువపత్రం పొందియుండటం ఉచితం. వరదలు, అగ్నిప్రమాదాలు సంభవించిన చోట సహాయక హెలికాప్టర్లు తిరిగే అవకాశం ఉన్నందున, అక్కడి అధికారుల అనుమతి లేనిదే డ్రోన్‌ను పైకి పంపరాదు. వార్తలలో ‘లైసెన్సు లేని డ్రోన్’ అన్న మాటను వాడే ముందు, లోపించినది పైలట్ ధ్రువపత్రమా, డ్రోన్ నమోదా, గగనతల అనుమతియా అన్నది స్పష్టంగా పేర్కొనడం పాఠకులకు మేలు చేస్తుంది.

క్షేత్రస్థాయి అధికారులు కూడా విచారణలో ఇదే క్రమాన్ని పాటించవచ్చు. డ్రోన్ బరువు ఎంత, ఏ ప్రయోజనానికి ఎగురవేశారు, ఆ చోటు ఆనాడు ఏ మండలంలో ఉన్నది అన్న మూడు ప్రశ్నలకు సమాధానం లభిస్తే వర్తించే నిబంధన దానంతటదే తేలుతుంది. ఆకుపచ్చ మండలంలో నిర్ణీత ఎత్తుకు లోబడి, నమోదు చేసిన మైక్రో డ్రోన్‌ను బీమాతో సరదాగా ఎగురవేసే విద్యార్థిని ధ్రువపత్రం లేదన్న కారణంతో ఆపవలసిన అవసరం లేదు. ఎరుపు మండలంలో ఎగిరే నానో డ్రోన్‌ను బొమ్మ అని వదలివేయడానికీ వీలులేదు.

కొత్తగా డ్రోన్ చేపట్టేవారు బరువు, ప్రయోజనం, ప్రదేశం అన్న ఈ మూడు అంశాలను ప్రతిసారీ ఎగురవేయడానికి ముందే సరిచూసుకొని, గుర్తింపు సంఖ్య, బీమా పత్రాల ప్రతులను వెంట ఉంచుకోవలసిందిగా సూచించడమైనది.